చిన్నింజను పెండ్లికి పోయింది

“చిన్నింజను ఎక్కడున్నది అని అడుగుతున్న. గోడకు చెప్తున్ననా, మీకు చెప్తున్ననా?” అంది భాగీరథి.

ముకుందం గోడ వైపే చూశాడు. తాను ఆ గోడగా పుట్టి ఉంటే ఎంత సుఖంగా ఉండేదో అని కూడా అనుకున్నాడు.

రేకుల టాకీసు వెనక ఇంజను గది తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల పెద్ద ఇంజను తన చోట తానుంది. పక్కనున్న సిమెంటు దిమ్మె మీద మాత్రం నాలుగు బోల్టులు మిగిలాయి. ఆ నాలుగింటి నడుమ ఉండాల్సిన ఇంజనే లేదు.

“శంకర్‌పల్లి కాడి ప్రొద్దుటూరికి పోయింది,” అన్నాడు ముకుందం చివరికి.

“ప్రొద్దుటూరికి ఎందుకు?”

“మామ బిడ్డ పెండ్లి గదా.”

“పెండ్లికి మనుషులు పోతరు. అత్తమ్మ పోయింది, బాగనే ఉన్నది. ఇంజను ఎందుకు పోయింది?”

“ఊరేగింపుకు కరెంటు బుగ్గలు పెట్టుకుంటమన్నడు మామ. ఊకెనే ఉన్నది గదా, తీస్కపొమ్మని అమ్మ మాటిచ్చింది. నిన్న నువ్వు మొయినాబాద్ పోయినంక బండి వచ్చింది. సామేలును వెంట తోలిన. పొద్దున్నే వస్తమన్నరు.”

“పొద్దెక్కింది.”

ముకుందం మళ్ళీ గోడ వైపు చూశాడు. తల్లికి వద్దని చెప్పలేడు, భార్యకు ఔనని చెప్పలేడు. మింగమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పెళ్ళయిన నాటి నుంచి ఆయన బతుకు ఇదే.

“ఊకెనే ఉన్నది” అన్న మాట దగ్గరే భాగీరథికి ఒళ్ళు మండింది. ఊరికే ఉండటమే దాని ఉద్యోగమని ఈ ఇంట్లో ఎవరికీ ఎక్కదు. పెద్ద ఇంజను తెర మీది బొమ్మను నడుపుతుంది, హాలు గోడల మీది నీలం దీపాలను వెలిగిస్తుంది. అది ఆగిన నాడు దీపాలను అందుకోవడానికి చిన్నది. ఆగని నాడు దానికి పని లేదు. పని లేనిదాన్ని పనికి సిద్ధంగా ఉంచడమే భాగీరథి పని.

ప్రతి గురువారం పొద్దున ఆమె కొంగు బిగించి ఆ గదిలోకి పోయేది. టాంకీ అడుగున చేరిన నీళ్ళు వంపేది, చక్రాన్ని తిప్పే తోలు పట్టా ఎంత వదులయిందో వేలితో నొక్కి చూసేది, పాత ఆయిలు తీసి కొత్తది పోసేది. ఆ తర్వాత దీపాలన్నీ దాని మీద వేసి కొంతసేపు నడిపేది. దీపాలు వేయకుండా నడిపితే ఏం లాభం, ఖాళీ బండి లాగిన ఎద్దు బరువు బండి లాగుతుందని నమ్మకమేమిటి అనేది. ఆమె పుట్టిల్లు పిండి గిర్నీ ఇల్లు. ఇంజను చప్పుడు వింటూ పాలు తాగిన పిల్ల. అత్తగారింట్లో మాత్రం ఈ గురువారం పనికి ‘చిన్నింజను తలంటు’ అని పేరు పెట్టి నవ్వుకునేవారు. ఆమె కూడా నవ్వేది. ఇవాళ మాత్రం నవ్వు రాలేదు.

ఎందుకంటే ఇవాళ మధ్యాహ్నం చేవెళ్లలో మొట్టమొదటి ఆడవాళ్ళ ఆట.

టాకీసు కట్టించి ఇన్నాళ్ళయినా ఆట చూడటానికి ఒక్క ఆడమనిషి అందులో కాలు పెట్టలేదు. చీకటి హాల్లో మా ఇంటి ఆడవాళ్ళా అని మగవాళ్ళు ముక్కు మీద వేలేసుకున్నారు. భాగీరథి పట్టు పట్టింది. మంత్రసాని ముత్తమ్మను వెంట వేసుకుని గడపగడపకూ తిరిగింది. గోడల మీద నీలం దీపాలుంటాయి, ఆట సాగినంతసేపు వెలుగుతూనే ఉంటాయి, పెద్ద ఇంజను ఆగినా చిన్నది అందుకుంటుంది, రెప్పపాటు కన్నా ఎక్కువ చీకటి ఉండదు అని మాటిచ్చింది. కోమటి వీధి ఒప్పుకుంది. చర్చి వాడ ఒప్పుకుంది. చివరికి మొయినాబాద్ దేవిడీలో పరదా దాటని బేగం కూడా ఒప్పుకుంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మన భాగీరథి రచ్చ గెలిచి వచ్చేసరికి ఇంట్లో ఇంజను మాయమైంది.

“ఒక్కనాడు ఇంజను లేకుంటే ఏమయితది? పెద్దది మంచిగనే నడుస్తున్నది,” అన్నాడు ముకుందం నెమ్మదిగా.

“మీ నాయిన ఏమన్నడో మీరు ఇన్నరు గదా. ఈ ఆటల ఒక్క మాట వచ్చిందా, టాకీసును పల్లీల గోదాము చేస్తనన్నడు. యుద్ధం వచ్చినప్పటి నుంచి ఇంజన్లకు కురూడాయిలు దొరుకుతలేదు, మొగోళ్ళ ఆటలు సగం పండుకున్నయి. ఆడోళ్ళు వస్తెనే ఇది నిలుస్తది. లేకుంటే మళ్ళ నేను వంటింట్లకు, మీరు పల్లీల తూకానికి.”

పల్లీల తూకం అనగానే ముకుందం ముఖం వాడిపోయింది. ఆ దుమ్ముకు ఆయనకు రోజంతా తుమ్ములు.

“రేపటికి మార్చుకుందమా?” అన్నాడు.

“బొమ్మ పెట్టె సాయంత్రం బస్సుకు పట్నం పోవాలె. రేపు మన దగ్గర ఏముంటది చూపియ్యనీకి, తెల్లటి బట్టనా?”

*

ఎండ నడినెత్తికి వస్తుండగా శంకర్‌పల్లి బాట వైపు నుంచి ఎద్దులబండి కనిపించింది. ముందు కనిపించింది బండి కూడా కాదు, బంతిపూలు.

చిన్న ఇంజను ఒంటి నిండా పసుపు పూసి ఉంది. చక్రానికి మామిడాకుల తోరణం, పొగ గొట్టానికి బంతిపూల దండ, హ్యాండిలుకు ఎర్రదారం కట్టి ఉన్నాయి. దాని పక్కన మెత్త మీద అత్తగారు శారదాదేవి, సొంత మనవడి మీద చెయ్యి వేసినట్టు దాని మీద చెయ్యి వేసి కూర్చుంది. వెనక, టాకీసులో బొమ్మ మిషను నడిపే సామేలు బండి పట్టుకుని నడుస్తున్నాడు. నిద్ర లేక కళ్ళు చింత నిప్పులయ్యాయి.

“ఏం చెప్పాలె కోడలా,” అంది శారదాదేవి బండి దిగకముందే. “ప్రొద్దుటూరుల ఇసొంటి పెండ్లి చూడలేదన్నరు. పిల్లను, పిలగాన్ని గుర్రం మీద కూసబెట్టి ముందల బుగ్గలు పెడితే పట్టపగలు లెక్కనే ఉండె. మా గడప ముందర జర ఆపుండ్రి అని ఒకలు, మా గడప ముందర అని ఇంకొకలు. ఊరంత తిప్పినం. మళ్ళ తిప్పినం.”

భాగీరథి ఇంజను మీద అరచెయ్యి ఆనించింది. ఇంకా వేడిగా ఉంది. ఆయిలు పోసే మూత విప్పి వేలు ముంచి ముక్కు దగ్గర పెట్టుకుంది. సామేలు తల దించుకున్నాడు.

“సామేలన్నా, ఇది ఏం నూనె?”

“నువ్వుల నూనె అమ్మా.”

“ఇంజనుల నువ్వుల నూనెనా?”

“నడిమిట్ల ఆయిలు అయిపోయింది. ఆపుతనంటే మీ అత్తమ్మ ఆపనియ్యలేదు. పెండ్లింట్ల కుండల కొద్ది ఉండె, పోసిండ్రు. నేను వద్దన్న. జర గట్టిగ అనలేదు, అది నా తప్పే.”

“ఏం తప్పు?” అంది శారదాదేవి. “గానుగల ఆడిచ్చిన సొచ్చమైన నూనె. దేవునికి పోస్తం. దేవునికి పనికొచ్చింది ఇంజనుకు పనికి రాదా?”

అత్తగారితో వాదన గెలవాలంటే ఒక పూట కావాలి. భాగీరథి చేతిలో పూట లేదు.

అత్తగారి ముఖంలో రాత్రి ఊరేగింపు వెలుగు ఇంకా ఉంది. ఆ ముఖాన్ని చూస్తే కోపంతో పాటు ఎందుకో జాలి కూడా కలిగింది భాగీరథికి. జీవితంలో మొదటిసారి పుట్టింటికి తన పేరు మీద ఒక గొప్ప పట్టుకెళ్ళింది ఆ మనిషి.

“దించుండ్రి,” అంది.

నలుగురు పట్టి దిమ్మె మీదికి ఎక్కించారు. అంతలో మామగారు కిషన్‌రావు దుకాణం నుంచి గొడుగు వేసుకుని వచ్చారు. పూలదండ తెంచుతున్న కోడలిని, కారుతున్న నూనెను, గది బయట అప్పుడే చేరుతున్న గూడు బండ్లను చూశారు.

“ముకుందం, దీన్ని బిగిచ్చి పక్కకు పెట్టుండ్రి. నడుస్తదో లేదో ఎవరు చూడొచ్చిండ్రు? పెద్దది నడుస్తున్నది గదా. ఉన్నదంటే ఉన్నట్టే.”

“నడవంది ఉన్నా లేనట్టే మామయ్యా,” అంది భాగీరథి తలెత్తకుండా.

పెద్దాయన ఏమీ అనలేదు. ఆయన అరిస్తే ఇంట్లో ఎవరికీ భయం లేదు, మాట్లాడకపోతేనే భయం. గొడుగు ముడిచి, టాకీసు ముందు నీడలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. బండ్ల వెంట వచ్చిన మగవాళ్ళు కూడా అక్కడే చేరారు. గోడ పైన, చూరు నీడలో ఉన్న చిన్న వెంటిలేటర్ల అద్దాల్లోంచి నీలం వెలుగు కనిపిస్తున్నంతసేపు తామిక్కడే ఉంటామనీ, అది పోయిన మరుక్షణం తమ ఆడవాళ్ళను బండ్లెక్కిస్తామనీ వాళ్ళ ఒప్పందం.

ఇంజను గదిలో గురువారం కాకుండానే తలంటు మొదలయింది. నువ్వుల నూనె వంపారు. గ్యాసునూనె, అంటే కిరసనాయిలు పోసి కడిగారు, వంపారు, మళ్ళీ కడిగి కొత్త ఆయిలు పోశారు. భాగీరథి చేతులు మోచేతుల దాకా నల్లబడ్డాయి, ముక్కు మీద పసుపు అంటుకుంది. సామేలు టాంకీ అడుగున నీళ్ళు వంపాడు. పట్టా వదులయింది. దాన్ని లాగి బిగించేటప్పుడు భాగీరథి చెయ్యి జారి మణికట్టు గీరుకుపోయింది.

ముకుందం ఒక నిమిషం చూశాడు. తర్వాత సిల్కు చొక్కా విప్పి మేకుకు తగిలించాడు.

“జరుగు. నేను పట్టుకుంట.”

“మీకు నూనె అంటుతది.”

“అంటనియ్యి. తూకం కాడికి పోవుడు కన్న ఇది నయం.”

భాగీరథి నవ్వింది. పొద్దున్నుంచి అదే మొదటి నవ్వు. ఇద్దరూ కలిసి పట్టా లాగి బిగించారు.

హ్యాండిలు తిప్పితే ఒకసారి దగ్గింది, ఆగింది. మళ్ళీ తిప్పితే నల్లటి పొగ కక్కి ఆగింది. మూడోసారి ముకుందం పళ్ళు బిగబట్టి తిప్పాడు. అది దగ్గి, తుమ్మి, అలిగి, చివరికి డబడబమని అందుకుంది. ఆ చప్పుడు వినగానే భాగీరథి ఒళ్ళంతా పులకరించింది. బయట బండ్ల ఎద్దులు బెదిరి మెడ గంటలు ఒక్కసారిగా మోగాయి.

“ప్రభువా,” అన్నాడు సామేలు, దిమ్మె అంచున కూలబడుతూ.

*

హాలు నిండింది. చాపల మీద, బెంచీల మీద, గోడల వెంబడి ఆడవాళ్ళు. చంకలో పిల్లలు, ఒళ్ళో పేలాల మూటలు, తలల్లో కనకాంబరాలు. ఒక మూల పరదా కట్టించుకుని మొయినాబాద్ బేగం, ఆమె వెంట వచ్చినవాళ్ళు. ముందు వరుసలో శారదాదేవి పెళ్ళి చీర మార్చకుండానే కూర్చుని, పక్కవాళ్ళకు ఊరేగింపు కథ మళ్ళీ మొదలుపెట్టింది.

గోడల మీద నీలం దీపాలు వెలుగుతున్నాయి. వెనక గోడకు పెద్ద మీట ఉంది. పైకి వేస్తే దీపాలు పెద్ద ఇంజను మీద, కిందికి వేస్తే చిన్నదాని మీద. దాని పక్కనే నిలబడింది భాగీరథి. పైన చిన్న కిటికీలోంచి సామేలు బొమ్మ మిషను దగ్గర కనిపిస్తున్నాడు. ఇంజను గదిలో ముకుందం రెండు ఇంజన్లనూ నడిపిస్తున్నాడు. ఆయనకు సైగ చేయడానికి అక్కడికి గంట తాడు కట్టారు.

“మొదలు పెట్టమంటవా అవ్వా?” అని అడిగింది ముత్తమ్మను.

ముత్తమ్మ లేచి నిలబడింది. ఆమె చేతుల మీదుగా పుట్టనివాళ్ళు ఆ హాల్లో తక్కువ.

“ఆగు బిడ్డా. నువ్వు చెప్పినవని నేను ఇంటింటికి చెప్పిన. నేను కాన్పుకు పోతే నీళ్ళు కాగినయా అని ముందుగాల చూస్త, పిల్ల బయటపడ్డంక కాదు. నీ చిన్నింజను ఎట్ల అందుకుంటదో ఒక్కపారి చూపియ్యి. గప్పుడు మొదలు పెట్టు.”

హాలంతా ఔనంది. భాగీరథికి సంతోషం కలిగింది. ఇన్ని గురువారాలు ఎవరూ చూడని పనిని చూపించమని ఒకరు అడగడం ఇదే మొదలు.

“చూడుండ్రి. రెప్ప ఆర్పకుండ్రి,” అంది. గంట తాడు లాగింది.

పెద్ద ఇంజను చప్పుడు తగ్గుతూ వచ్చి ఆగింది. దీపాలు మసకబడి ఆరిపోయాయి. ఒక పిల్ల కేరుమంది. ఆ కేక పూర్తి కాకముందే భాగీరథి మీట కిందికి లాగింది. నీలం దీపాలు మళ్ళీ గోడల నిండా వెలిగాయి.

ఎవరో చప్పట్లు కొట్టారు. తర్వాత అందరూ కొట్టారు. ఈలలు వేయడం మగవాళ్ళకే వచ్చుననుకునే వాళ్ళు ఆ హాల్లో ఉంటే చెవులు మూసుకునేవారు. ముత్తమ్మ దగ్గరికి వచ్చి భాగీరథి నల్లటి చేతులు పట్టుకుని కళ్ళకు అద్దుకుంది. భాగీరథికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ఇగ పెద్దది నడిపియ్యుండ్రి,” అని గంట మళ్ళీ లాగింది.

పెద్ద ఇంజను గుర్రుమంది, ఊపందుకుంది. తర్వాత తుపాకీ పేలినట్టు ఒక్క చప్పుడు. చిన్న ఇంజను డబడబ ఒక్కటే మిగిలింది.

ముకుందం పక్క తలుపు సందులోంచి తల పెట్టాడు. “పట్టా తెగింది,” అన్నాడు గుసగుసగా.

“కుట్టొచ్చునా?”

“కుట్టేసరికి పొద్దు గూకుతది. నడిచేదాన్ని ఎందుకు ఆపమన్నవ్? ఎవరో అడిగిన్రని ఆపుతరా?”

“మీరు దాని పట్టా ఎప్పుడు చూసిన్రు?”

చిన్నదానికి గురువారం తలంటు అయినా ఉంది. రోజూ నడిచేది గదా అని పెద్దదాని జోలికి ఎవరూ పోలేదు. ఆ ఎవరిలో తాను కూడా ఉన్నానని భాగీరథికి తెలుసు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

కిటికీలోంచి సామేలు వంగి చెప్పాడు. “అమ్మా, చిన్నింజను బొమ్మ మిషనును మోస్తది. మాట గూడ వస్తది. కాని దీపాలు మొయ్యది. ఏదన్న ఒక్కటే.”

భాగీరథి గోడకు ఆనుకుంది. బొమ్మ లేకుండా దీపాలు, లేదా దీపాలు లేకుండా బొమ్మ. సాయంత్రం బస్సుకు పెట్టె పోతుంది. బయట మామగారు వెంటిలేటర్ల వైపు చూస్తూ కూర్చున్నారు.

దాచడం ఆమెకు చేతకాలేదు. హాలు ముందుకు నడిచి వచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

“పెద్దింజను పట్టా తెగింది. చిన్నది మీకు మాటిచ్చినట్టు దీపాలు మోస్తున్నది. బొమ్మ ఎయ్యాల్నంటే దీపాలు ఆర్పాలె. ఆర్పనని మీ ఇండ్లళ్ళ మాటిచ్చిన. అందుకే ఆట లేదు. నన్ను మాఫ్ చెయ్యుండ్రి. బండ్లు కట్టమని చెప్త.”

ఎవరూ లేవలేదు. పేలాలు నమిలే చప్పుడు కూడా ఆగింది.

“ఎవలకిచ్చినవ్ మాట?” అని అడిగింది ముత్తమ్మ.

“మీ అందరికి.”

“మాకెప్పుడిచ్చినవ్? మా మొగోళ్ళకిచ్చినవ్. నేను పక్కనే ఉన్న గదా. ‘మీ ఆడోళ్ళను చీకట్ల కూసోబెట్ట’ అని వాళ్ళకు చెప్పినవ్. కూసునేది మేము. మమ్ములను అడిగినవా?”

నిజమే. గడప దగ్గర ఆడవాళ్ళు నిలబడి ఉండగానే, లోపల కూర్చున్న మగవాళ్ళను ఒప్పించింది భాగీరథి.

“అడుగుతున్న అవ్వా,” అంది. “చిన్నింజను ఆగిపోతే ఏముండది. దీపముండది, బొమ్ముండది. దాని నూనె కడిగి గంట గూడ కాలేదు. అయినా అడుగుతున్న.”

“ఆర్పు బిడ్డా,” అంది ముత్తమ్మ. “బొమ్మ ఎయ్యి.”

పరదా వెనక నుంచి సన్నటి గొంతుతో బేగం కూడా దీపాలు ఆర్పమనే అంది. “బత్తీ బుజాదో బేటీ.”

చర్చి వాడ వైపు నుంచి నవ్వులు, గాజుల చప్పుడు. “ఆర్పుండ్రి అమ్మా,” “మేము భయపడం,” “మా ఇంట్ల చీకటి లేదా ఏంది,” అని ఒక్కొక్కరే అన్నారు. ఆ హాల్లో ఒప్పుకోవాల్సినవాళ్ళు ఇంకొకరే మిగిలారు.

శారదాదేవి లేచి నిలబడింది. కోడలి ముఖం చూడలేదు. పెళ్ళి చీర కుచ్చిళ్ళు పైకెత్తుకుని, చాపల మధ్య నుంచి దారి చేసుకుంటూ ప్రధాన ద్వారం దగ్గరికి నడిచింది. గడియ వేసింది. చాలదనుకుందేమో, తలుపుకు వీపు ఆనించి నిలబడింది.

“నాకు ఈడికెల్లి గూడ కనిపిస్తది,” అంది. “కానియ్యి.”

భాగీరథి మీట దగ్గరికి వచ్చింది. సామేలు బొమ్మ మిషను తీగను చిన్న ఇంజను వైపు మార్చి కిటికీలోంచి తలూపాడు. ఆమె మీటను పైకీ కిందికీ కాకుండా నడిమికి జరిపింది.

నీలం దీపాలన్నీ ఒక్కసారే ఆరిపోయాయి. చిన్న ఇంజను బరువెత్తుకున్నట్టు మూలిగింది, వేగం తగ్గింది, ఇంకా తగ్గింది, నిలదొక్కుకుంది. తలల మీదుగా ఒక తెల్లటి వెలుగు పోయి ఎదుటి బట్ట మీద పడింది.

అదే సమయంలో తలుపు మీద దబదబమని గుద్దులు పడ్డాయి.

“శారదా, దీపాలేమయినయి? తలుపు తియ్యి,” అన్నది కిషన్‌రావు గొంతు. ఆయన వెనక ఇంకా చాలా గొంతులున్నాయి. “తలుపు తియ్యమంటున్న.”

పెళ్ళయిన నాటి నుంచి ఆ గొంతుకు శారదాదేవి ఒక్కసారి కూడా జవాబు చెప్పకుండా ఉండలేదు. ఇప్పుడు ఆమె కళ్ళు తెర మీదనే ఉన్నాయి. వీపు వెనక తలుపు అదురుతోంది. ఆమె కాళ్ళు రెండూ కొంచెం ఎడం చేసి మరింత గట్టిగా ఆనుకుంది.